కోట పోయినను నిలిచిన వాకిళ్ళు: మధుర స్థలనామముల విమర్శ

మధురలో నేడు కోట లేదు. అయినను నగరమునకు తూర్పున కీళవాశల్ అను పేట యున్నది. దక్షిణమున తెర్కువాశల్ అను పేట యున్నది. తమిళమున కీళ యనగా తూర్పు, తెర్కు అనగా దక్షిణము, వాశల్ అనగా వాకిలి. గోడలు లేవు, తలుపులు లేవు, తలుపు దీయుటకు కావలివాండ్రును లేరు. వాకిళ్ళ పేర్లు మాత్రము బస్సుల నొసళ్ళమీదను, అంగళ్ళ పలకలమీదను, జనుల నాలుకలమీదను నిలిచియున్నవి. ఆ పేర్లను దినదినము పలుకువారిలో తెలుగు మాతృభాషగా గలవారు వేలకొలదిగ నున్నారు. తమ పెద్దలు నాయకరాజుల వెంట వచ్చి ఆ కోట నీడను కాపురముండిరని వారి యిండ్లలో చెప్పుకొనెడి మాట. కావున మధుర స్థలనామముల విచారణ వారికి వట్టి కుతూహలము కాదు. ఆ నగరమున తమ పాలెంత, తమ బిడ్డలకు దానిని గూర్చి యేమి చెప్పవలెను అను ప్రశ్న అందు ఇమిడియున్నది.

ఈ ప్రశ్నకు వాడుకలో రెండు సమాధానములు వినవచ్చుచున్నవి. మధురను కట్టినవారు నాయకరాజులు గనుక నగరమెల్ల తెలుగువారిదే, పేర్లలో సగము తెలుగు పేర్లే అనునది మొదటిది. ఇది సభలలో వినబడును. మధుర తమిళుల నగరము, తెలుగువారు నడుమ వచ్చి చేరినవారు, ఆ పేర్లతో వారికి పనిలేదు అనునది రెండవది. ఇది ఇండ్లలో, ముఖ్యముగ తెలుగు చదువు మానుకొన్న ఇండ్లలో వినబడును. మొదటిది గర్వమువలన పుట్టినది. రెండవది జంకువలన పుట్టినది. రెంటిలోను ఉన్న లోపమొక్కటే. ఆ మాటలాడువారు పేర్లను చూడలేదు. చూచినచో రెండును నిలువవని తెలియగలదు.

నగరస్వరూపము

మధుర వైగైనది దక్షిణపు టొడ్డున నున్నది. ఈశాన్యమున ఏనుగు పరుండినట్లు కానవచ్చు యానైమలై, పడమటి దిక్కున నాగమలై, నైరృతిని పశుమలై, తిరుప్పరంకుండ్రము. ఈ కొండల నడిమి మైదానమున మీనాక్షీసుందరేశ్వరుల ఆలయము నడిబొడ్డుగా, దానిచుట్టు ఒకదాని వెలుపల నొకటిగా చతురస్రపు వీధులు అమరియున్నవి. ఆలయప్రాకారము లోపల ఆడి వీధులు. ప్రాకారము వెలుపల చిత్తిరై వీధులు. వానికావల ఆవణి మూల వీధులు. వానికావల మాశి వీధులు. అన్నిటికంటె వెలుపల వెళి వీధులు. ప్రతి వరుసకును తూర్పు, దక్షిణము, పడమర, ఉత్తరము అని నాలుగు వీధులు. ఇంత క్రమముగ దిక్కులను నెలలను పేర్లలో నిలుపుకొన్న నగరము దక్షిణదేశమున అరుదు.

ఆడి, చిత్తిరై, ఆవణి, మాశి అనునవి తమిళుల సౌరమాసములు. తెలుగు పంచాంగపు లెక్కకు ఇవి సరిగా పొసగవుగాని ఆషాఢ, చైత్ర, శ్రావణ, మాఘ మాసములకు దగ్గరివని చెప్పవచ్చును. ఆయా మాసముల ఉత్సవములకును ఆయా వీధులకును గల సంబంధమే ఈ పేర్లకు మూలము. నగరము ఒక పంచాంగమువలె పరచబడినది.

ఇచ్చటనే తెలుగు చెవికి తొలి పొరపాటు కలుగును. ఆవణి మూల వీధి యనినంతనే తెలుగు బాలుడు దానిని మూలనున్న వీధిగా తలచును. అది మూల కాదు, మూలా నక్షత్రము. ఆవణి మాసమున ఆ నక్షత్రమునకు సంబంధించిన ఉత్సవమువలన ఆ పేరు వచ్చినది. వెళి వీధి యనినపుడు వెలివాడ, వెలివేయుట అను మాటలు అతనికి తోచును. తమిళపు వెళియు తెలుగు వెలియు ఏకమూలమునుండి పుట్టినవే. రెంటికిని బయలు అను అర్థమే మొదటిది. కాని ఈ వీధి ఎవరినో వెలివేసిన తావు కాదు, కోటగోడకు వెలుపలి తావు. నదికి ఉత్తరపు టొడ్డుననున్న గోరిపాళయము మాట యెత్తినపుడు గోరీ తెలుగు మాటయే గదా యనును. సమాధి యను అర్థము గల ఆ పారసీక పదము తెలుగులోనికిని వచ్చినది, తమిళ ప్రాంతమునకును వచ్చినది. అచ్చటి దర్గాయే పేరునకు ఆధారము. పాళయమును తెలుగు పాళెమును ఒక్కటియే. దండు విడిసిన చోటు. ఉభయభాషలకు ఉమ్మడియైన పదములను ఒక భాష ఖాతాలో వ్రాసికొనుట లెక్క కాదు. మధుర పేర్లలో సగము తెలుగువే యనువారి పట్టికలను శోధించినచో అందు పెద్దభాగము ఇట్టి ఉమ్మడి పదములే యుండును.

నాయకులకు పూర్వము

నాయకరాజులు మధురను కట్టిరనుట ఎంతవరకు నిజము? సంగమకాలపు తమిళకావ్యమగు మదురైక్కాంజిలో అగడ్త, కోటగోడ, వాకిళ్ళు, పగటి యంగడులు, రాత్రి యంగడులు వర్ణింపబడియున్నవి. పరిపాడల్ నందు నగరము తామరపూవుతోడను, దాని వీధులు రేకులతోడను పోల్చబడినవి. విశ్వనాథనాయకుడు 1529 ప్రాంతమున మధురకు వచ్చుటకు వేయేండ్లకు పైబడిన పూర్వమే అది ప్రసిద్ధనగరము. కావున నాయకులు నగరస్థాపకులు కారు. పాండ్యుల పాతకోటను తీసివేసి, దానికంటె పెద్దదియగు కోటను విశ్వనాథనాయకుడు కట్టించెనని స్థానిక చరిత్రలు చెప్పుచున్నవి. నాయకులు విస్తరించినవారు, క్రమపరచినవారు. ఈ గౌరవము చిన్నది కాదు. దీనిని పెంచి చెప్పనక్కరలేదు.

ఆ కోటకు 72 బురుజులనియు, ఒక్కొక్క బురుజు కావలి ఒక్కొక్క పాళెగానికి ఒప్పగింపబడినదనియు ప్రసిద్ధి. విశ్వనాథుడును అతని దళవాయి అరియనాథ మొదలియారును ఏర్పరచిన 72 పాళెములతో ఈ సంఖ్య సరిపోవుచున్నది. ఇందు గమనింపదగిన విషయము వేరొకటి కలదు. ఆ పాళెగాండ్రందరు తెలుగువారు కారు. ఎట్టయపురము, పాంచాలంకురిచ్చి వంటి పాళెములు తెలుగు మాటలాడు కంబళనాయకులవి. దక్షిణమున మరవవంశీయుల పాళెములు పెక్కులు. ఏర్పాటు చేసిన ప్రధానపురుషుడు అరియనాథుడు తమిళుడు. నాయకుల కోట యని పేరుపడిన ఆ కోట బురుజులమీద రాత్రి కావలివాండ్ర కేకలు రెండు భాషలలోను వినబడియుండవలెను.

మాశి వీధిలో చిత్తిరై రథము

మధుర వీధినామములలో అన్నిటికంటె విలువైన సాక్ష్యము ఒక వైరుధ్యమున దాగియున్నది. చిత్తిరై మాసమున జరుగు మీనాక్షీ కల్యాణోత్సవపు మహారథము తిరుగునది చిత్తిరై వీధులలో కాదు, మాశి వీధులలో. నగరమును క్రొత్తగ చూచువారికి ఇది వింతగ తోచును. దీనికి చెప్పు కారణ మిది. మొదట కల్యాణోత్సవము మాశి మాసముననే జరుగుచుండెడిది. అందుచేత రథము తిరుగు వీధులకు ఆ పేరు. అళగర్ కోయిల్ నుండి అళగరు, అనగా సుందరరాజ పెరుమాళ్ళు, వైగైకి వేంచేయు ఉత్సవము చిత్తిరై మాసమునది. తిరుమలనాయకుడు (1623–1659) ఈ రెండు ఉత్సవములను ఒక్క కాలమునకు చేర్చెను. శైవుల కల్యాణమును వైష్ణవుల యాత్రయు ఒకటే జాతరయైనవి. పెద్దరథము చిన్న వీధులలో తిరుగజాలదు గనుక మాశి వీధులలోనే యుండిపోయినది.

ఉత్సవము మాసము మారినది, వీధి పేరు మారలేదు. రాజు శాసించి పేరును గూడ మార్చియుండవచ్చును, మార్చలేదు. అట్లు మార్చియున్నచో ఉత్సవము ఒకప్పుడు మాశిలో జరిగినదను సంగతికి ఇంత స్పష్టమైన ఆధారము ప్రతిదినము కన్నులయెదుట ఉండెడిది కాదు. నాయకరాజుల ఘనతను పొగడువారు మహలును చూపుదురు, పుదుమండపమును చూపుదురు. ముందుగ చూపదగినది మాశి వీధి పేరు. ఆచారమును మార్చగల బలము కలిగియు, జనుల నోటి మాటను ముట్టుకొనని నిగ్రహము అందు కనబడుచున్నది.

పుదుమండపము సంగతియు ఇట్టిదే. పుదు అనగా క్రొత్త. తిరుమలనాయకుడు కట్టించిన నాడు అది క్రొత్తది. దాదాపు నాలుగువందల యేండ్లు గడచినను దాని పేరు క్రొత్త మండపమే. దానికెదుట పూర్తికాక నిలిచిన గోపురమునకు రాయగోపురమని పేరు.

మహలు హద్దులు

తిరుమలనాయకుని మహలు నేడు కానవచ్చునది పూర్వపు కట్టడమున కొంతభాగమే. పోయిన భాగమెంతవరకు వ్యాపించియుండెనో తెలిసికొనుటకు రాతికట్టడముకంటె పేర్లు ఎక్కువ సహాయపడును. మహలు పరిసరముననున్న నవబత్ ఖానా వీధి పేరు నౌబత్తు, అనగా నగారా మ్రోగెడి శాలను గుర్తుచేయును. పత్తుత్తూణ్ అను సందులో అంగళ్ళ నడుమ పది రాతిస్తంభములు నిలిచియున్నవి; పత్తు అనగా పది, తూణ్ అనగా స్తంభము. బట్టల మూటలు మోయువారు ఆ స్తంభముల నడుమనుండి పోవుచుందురు. మహలు గోడ కూలినను దాని హద్దురాళ్ళు పేర్లలో మిగిలినవి. మద్రాసు గవర్నరు నేపియర్ ప్రభువు కాలమున, 1866 తరువాతి యేండ్లలో, మహలు మరమ్మతు పొందినది. పేర్లకు ఎవరును మరమ్మతు చేయలేదు, అయినను చెడలేదు.

గోడను పడగొట్టినవారు

నాయకరాజ్యము 1736లో అంతరించినది. 1801 నాటికి దేశము కుంపిణీవారి పూర్తి వశమైనది. కోట కొన్ని దశాబ్దములు శిథిలముగ నిలిచి, అగడ్త మురికినీటి మడుగై, 1840 ప్రాంతమున కలెక్టరు బ్లాక్‌బర్న్ కాలమున నేలమట్టము చేయబడినది. ఆయన పద్ధతి గమనింపదగినది. గోడను పడగొట్టి, ఆ మట్టితో అగడ్తను పూడ్చి చదునుచేసిన వారికి ఇల్లు కట్టుకొనుటకు ఆ నేలయే ఇయ్యబడినది. ఇరుకు కోటలో ఊపిరాడక యున్న జనులు తామే గోడను త్రవ్విరి. ఆ విధముగ కోటచుట్టు వెళి వీధులు ఏర్పడినవి. వానికి లోపల, మాశి వీధులకు వెలుపల ఏర్పడిన వీధులకు ఆ పని నడపిన ఇద్దరి పేర్లు వచ్చినవి. మారెట్ అనునతడు సర్వేయరు. పెరుమాళ్ అనునతడు మేస్త్రి. నేటికిని మారెట్ వీధులు, పెరుమాళ్ మేస్త్రి వీధులు అనియే వాడుక.

బ్లాక్‌బర్నునకు కృతజ్ఞతగ నిలిపిన స్తంభము మహలు సమీపమున కలదు. జనులు దానిని విళక్కుత్తూణ్, అనగా దీపస్తంభము, అందురు. కలెక్టరు పేరు రాతిమీద నున్నది, నోట లేదు. మేస్త్రి పేరునకు రాయి లేదు. అది ప్రతి ఉత్తరము పైవిలాసమునందు నున్నది. స్థలనామశాస్త్రము నేర్పు పాఠములలో దీనికి మించినది కనుగొనుట కష్టము. మేస్త్రి యను మాట తెలుగున గూడ కలదని, పెరుమాళ్ళు అను పేరు తెలుగు వైష్ణవులును పెట్టుకొందురని చెప్పి ఆ పనివానిని తెలుగువానిగ నిర్ణయింప తలచువారుందురు. మేస్త్రి పోర్చుగీసు మూలము గల పదము. పెరుమాళ్ళు తమిళ వైష్ణవ సంప్రదాయపు పేరు. అతని కులభాషలను గూర్చి పేరు ఏమియు చెప్పుట లేదు. అతడు పనివాడని మాత్రము చెప్పుచున్నది. పేరు చెప్పినదానికంటె ఎక్కువ దానిచేత చెప్పించుట పరిశోధన కాదు.

తెలుగువారి పాలు

అట్లయిన తెలుగువారి పాలు ఎచ్చట? ముందుగ మార్పుచెందిన పేర్లలో. 1689 మొదలు 1706 వరకు మనుమని పక్షమున రాజ్యమేలిన రాణి తెలుగువారికి మంగమ్మ; మధుర నోట మంగమ్మాళ్. రైలుస్టేషను ఎదుటనున్న సత్రము మంగమ్మాళ్ చత్తిరమనియే ప్రసిద్ధము. ఆమె వేయించిన బాటలు దక్షిణ జిల్లాలలో మంగమ్మాళ్ శాలై అను పేర పెక్కుచోట్ల చెప్పబడుచున్నవి. తళ్ళాకుళమునకు చేరువ ఆమె మహలుగ ప్రసిద్ధికెక్కిన కట్టడమున 1959లో గాంధీ స్మారక ప్రదర్శనశాల నెలకొన్నది. చివర చేరిన ఒక్క ళకారమువలన ఆమె పరాయిది కాలేదు. తమిళులు ఆమెను తమ యింటి పెద్దమ్మగ చేసికొనిరని ఆ ళకారమే సాక్ష్యమిచ్చుచున్నది.

తక్కిన పాలు వీధిపలకలలో లేదు, గ్రంథములలో ఉన్నది. కృష్ణదేవరాయల చరిత్రను చెప్పు రాయవాచకము అను తెలుగు వచనగ్రంథము మధుర నాయకుల ఆస్థానమున పుట్టినది. విజయరంగ చొక్కనాథుడు (1706–1732) శ్రీరంగమాహాత్మ్యము, మాఘమాహాత్మ్యము అను వచనకృతులను రచించెను. అతని సేనానియగు సముఖము వేంకటకృష్ణప్పనాయకుడు జైమినిభారతమును తెలుగు వచనమున వ్రాసెను. తెలుగు వచనము ప్రత్యేకవాఙ్మయముగ ఎదిగినది ఈ దక్షిణాంధ్రముననే. ఆస్థానమున తెలుగు, ఆలయమున సంస్కృతము, వీధిలో తమిళము అను ఏర్పాటు రెండువందల యేండ్లు నడచినది. రాజభాష తెలుగైయుండియు వీధినామము తమిళముగ నిలిచినదనిన అది తెలుగు ఓటమి కాదు. పాలకులు జనులభాషను గౌరవించిన విధము. మధుర తెలుగువాడు గర్వపడదలచినచో ఇందునకు గర్వపడవచ్చును. అతడు ఆ నగరమున అతిథియు కాడు, యజమానియు కాడు, పాలివాడు.

పురపాలనము

1866లో మధురకు మునిసిపాలిటీ ఏర్పడినది. 1971లో అది నగరపాలక సంస్థ యైనది; మద్రాసు తరువాత తమిళనాట ఈ హోదా పొందిన రెండవ నగరమిదియే. 2011లో చుట్టుపట్టుల మునిసిపాలిటీలు, గ్రామములు కలియగా వార్డుల సంఖ్య 100కు పెరిగినది. దానికి పూర్వమున్న వార్డులు 72. ఈ సంఖ్యను చూచి 72 బురుజుల సంప్రదాయము పురపాలనమున నిలిచినదని చెప్పుటకు నోరూరును. అట్టి సంబంధమునకు ఆధారము లేదు, అది కాకతాళీయము. ఇటువంటి అందమైన పొరపాట్లకు చోటిచ్చినచో నిజమైన సాక్ష్యములకు గూడ విలువ తగ్గును.

ప్రజాపాలనకాలమున పెట్టిన పేర్లు వేరొక తెగవి. కామరాజర్ శాలై, నేతాజీ రోడ్డు వంటివి తీర్మానముచేత వచ్చిన పేర్లు. వానిలో కొన్ని నోటికెక్కినవి, కొన్ని పలకలమీదనే యున్నవి. ఎం.జి.ఆర్. పేరుగల పెద్ద బస్సు నిలయమును జనులు మాట్టుత్తావణి యనియే యందురు. అది పశువుల సంతకు పేరు. పెట్టిన పేరు ఒకటి, పడిన పేరు ఒకటి. పురపాలకులు పెట్టగలుగుదురు, పడునట్లు చేయజాలరు.

ఈ విచారణకు నేడు తొందర కలిగినది. వీధులకు, ఊళ్ళకు గల కులనామములను తొలగింపవలెనని 2025లో తమిళనాడు ప్రభుత్వము ఉత్తరువు చేసినది. ఒకరిని కించపరచు పేరు ఎంత పాతదైనను నిలుపదగదు. ఇందు వాదమునకు తావులేదు. కాని మధురలో నాయకర్ కొత్తవీధి వంటి పేర్లు కలవు. నాయకుడనునది మొదట అధికారమునకు పేరు, పిమ్మట వంశమునకు పేరు, ఆ పిమ్మట కులమునకు పేరు. ఒక్కొక్క వీధిలో అది ఏ అర్థమున నిలిచినదో విచారింపక ఉంచుటయు తగదు, తుడుచుటయు తగదు. మార్చవలసివచ్చినను, మార్చుటకు ముందు ఆ పేరు ఎప్పటినుండి యున్నదో, ఎందువలన వచ్చినదో వ్రాసి భద్రపరచుట పురపాలకుల విధి. వారు చేయనిచో సంఘములు చేయవలెను.

ఈ పనికి తెలుగు పాఠశాలలు తగిన చోట్లు. ప్రతి సంవత్సరము కొందరు బాలబాలికలు తెర్కువాశల్ నుండి బయలుదేరి వెళి వీధులను, మారెట్ వీధులను, మాశి వీధులను కాలినడకన చుట్టి, వృద్ధులను, అంగడివారిని, తమిళ ఉపాధ్యాయులను అడిగి, ప్రతి పేరునకు అర్థము, కారణము, వాడుక వ్రాసికొనవచ్చును. తెలుగు పేరు దొరకిన తెలుగని, తమిళమైన తమిళమని, ఉమ్మడియైన ఉమ్మడియని, తెలియనిచో తెలియదని వ్రాయవలెను. ఆ పట్టికను రెండు లిపులలోను ఉంచినచో తమిళ పాఠశాలల పిల్లలును దానిని దిద్దగలరు. విళక్కుత్తూణ్ చెంతకు చేరినపుడు ఆ దీపస్తంభము ఎవరి పేర నిలిచినదో పిల్లలను అడుగవలెను. తరువాత పెరుమాళ్ మేస్త్రి వీధికి త్రోవ యడుగవలెను. మొదటి ప్రశ్నకు తడుముకొన్నవారు రెండవదానికి వెంటనే చేయి చాపి చూపుదురు.